బంతి చేతిలో లేనప్పుడు ఏం చేస్తున్నాం?

పొద్దున ఆరింటికి మన వైపు ఏ కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర నిలబడినా దాదాపు ఒకటే సీన్ కనిపిస్తుంది. పన్నెండు మంది వస్తారు. బంతి ఒకటి, మహా అయితే రెండు. రాగానే అందరూ రింగ్ కింద గుమిగూడి షూటింగ్ మొదలుపెడతారు. దాన్నే వార్మప్ అంటాం. బంతి రింగ్‌కి తగిలి ఎగురుతుంది, పొడుగ్గా ఉన్నవాళ్ల చేతికి దొరుకుతుంది, వాళ్లు మళ్లీ వేస్తారు. మళ్లీ ఎగురుతుంది, మళ్లీ వాళ్లకే. పదిహేను నిమిషాలయ్యాక చూస్తే ముగ్గురు నలుగురికి మాత్రమే చెమట పట్టి ఉంటుంది. మిగతావాళ్లు నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉంటారు. కొత్తగా చేరిన ఫస్టియర్ వాళ్లయితే బంతిని తాకకుండానే క్లాసుకి వెళ్లిపోతారు. నాలుగు రోజులు ఇలాగే జరిగితే ఐదో రోజు రారు.

ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు చదివినవాళ్లకి ఈ జబ్బు పేరు తెలుసు: స్టార్వేషన్. సీపీయూ ఒకటే ఉంటుంది, బలమున్న ప్రాసెస్‌లు దాన్ని వాడుకుంటూనే ఉంటాయి, చివర్లో ఉన్న ప్రాసెస్‌కి వంతు ఎప్పటికీ రాదు. మందు కూడా ఆ పుస్తకంలోనే ఉంది: వరస పెట్టడం. అసలు అనంతపురం వాళ్లకి ఇది పుస్తకం చెప్పాల్సిన పని లేదు. ట్యాంకర్ వచ్చే వీధిలో మనుషులకంటే ముందు బిందెలు వరసలో నిలబడతాయి. ఉన్నది తక్కువైనప్పుడు వరస లేకపోతే బలమున్నోడికే దొరుకుతుందని మన అమ్మమ్మలకి ఎప్పటి నుంచో తెలుసు.

ఈ వ్యాసంలో చెప్పబోయేది అలాంటి ఒక వరస గురించి. ఒకే బంతితో, సగం కోర్టులో, పది పన్నెండు నిమిషాల్లో చేయగలిగే వార్మప్ డ్రిల్. ఇందులో మూడు పనులు ఉంటాయి: కట్ చేయడం, పాస్ ఇవ్వడం, ఫినిష్ చేయడం. బాస్కెట్‌బాల్ ఎప్పుడూ ఆడనివాళ్లకి కూడా అర్థమయ్యేలా రాస్తున్నాను, కాబట్టి కామర్స్ బ్లాక్ ఫ్రెండ్‌ని కూడా లాక్కెళ్లొచ్చు.

ముందు కొంచెం చరిత్ర

1891 డిసెంబర్‌లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్‌లో పనిచేసే జేమ్స్ నైస్మిత్ చలికాలంలో గది లోపల ఆడుకోవడానికి ఒక ఆట తయారుచేశాడు. పీచ్ పండ్ల బుట్టలు రెండు బాల్కనీకి కొట్టి, 13 రూల్స్ రాశాడు. క్లాసులో 18 మంది ఉన్నారు కాబట్టి జట్టుకి తొమ్మిది మంది. ఆ రూల్స్‌లో మనకి ఇక్కడ కావాల్సింది ఒకటుంది: బంతి పట్టుకుని పరిగెత్తకూడదు, ఎక్కడ పట్టుకున్నావో అక్కడి నుంచే విసరాలి. ఇప్పుడు మనం డ్రిబ్లింగ్ అంటున్న పని అప్పటికి ఆటలో లేదు, అది తర్వాత వచ్చింది.

అంటే పుట్టినప్పుడు ఈ ఆటంతా ఏంటి? ఒకడు బంతి పట్టుకుని ఆగిపోతాడు. ఎనిమిది మంది బంతి లేకుండా ఖాళీ చోటు వెతుక్కుంటూ పరిగెడతారు. ఆటలో ముప్పాతిక భాగం బంతి లేనివాళ్లదే. ఇప్పుడు జట్టుకి ఐదుగురే ఉన్నా లెక్క పెద్దగా మారలేదు. ఐదుగురూ సమానంగా ఆడారనుకున్నా, మన టీమ్ దగ్గర బంతి ఉన్న టైమ్‌లో మీ చేతిలో ఉండేది ఐదో వంతే. మిగతా నాలుగు వంతులు మీరేం చేస్తున్నారన్నదే అసలు ప్రశ్న. మన షూటింగ్ వార్మప్ ఆ ఐదో వంతుని మాత్రమే ప్రాక్టీస్ చేయిస్తుంది. అది కూడా కొందరికే.

ఈ ఆట మన వైపుకి రావడంలో కూడా వైఎంసీఏ చేయి ఉంది. 1920లో హ్యారీ క్రో బక్ అనే ఆయన మద్రాసులో వైఎంసీఏ ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీ మొదలుపెట్టాడు. అప్పుడు అనంతపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది.

కట్ అంటే ఏంటి?

బంతి లేని ప్లేయర్ తనని కాపలా కాస్తున్న డిఫెండర్‌ని తప్పించుకుని ఒక్కసారిగా ఖాళీ చోటుకి దూసుకెళ్లడమే కట్. ఇందులో స్పీడ్ కంటే ముఖ్యమైనది స్పీడ్‌లో తేడా. మొదటి నుంచి ఒకే వేగంతో పరిగెత్తేవాడిని కాపలా కాయడం తేలిక. నడుస్తున్నట్టు నడిచి, ఒక కాలు గట్టిగా తొక్కి, ఠక్కున దిశ మార్చేవాడితోనే కష్టం.

గవర్నమెంట్ స్కూల్లో ఖోఖో, కబడ్డీ ఆడి వచ్చినవాళ్లకి ఇది కొత్తేం కాదు. కబడ్డీ కూతకి వెళ్లినవాడు ఎడమ మూలకి వెళ్తున్నట్టు భుజం వంచి కుడి మూలలో చేయి వేస్తాడు. ఖోఖోలో తప్పించుకునేవాళ్లు వరస మధ్యలో నుంచి ఒక్క అడుగులో దారి మార్చేస్తారు. అదే కాలు, అదే నడుము. బాస్కెట్‌బాల్ కోర్టు మీద దాని పేరు కట్ అంతే. అందుకే, "నేనెప్పుడూ బాస్కెట్‌బాల్ ఆడలేదు, నాకు రాదు" అనే ఫస్టియర్ అమ్మాయికో అబ్బాయికో ఈ డ్రిల్‌లో సగం ముందే వచ్చి ఉంటుంది. షూటింగ్‌తో మొదలుపెడితే ఆ సంగతి బయటపడే ఛాన్సే లేదు.

ఈ డ్రిల్‌లో వాడే కట్‌లు మూడు.

వి-కట్: రింగ్ వైపు రెండు మూడు అడుగులు నెమ్మదిగా వెళ్లి, కాలు తొక్కి, బయటకి దూకడం. మీ దారి నేల మీద గీస్తే ఇంగ్లిష్ అక్షరం వి లాగా ఉంటుంది. పాస్ అందుకోవడానికి చోటు సంపాదించే కట్ ఇది.

ఇచ్చి-పుచ్చుకునే కట్: దీన్ని గివ్ అండ్ గో అంటారు. బంతి పక్కవాళ్లకి ఇచ్చి, అక్కడే నిలబడి చూడకుండా, వెంటనే రింగ్ వైపు పరిగెత్తి అదే బంతిని మళ్లీ తీసుకోవడం.

బ్యాక్‌డోర్ కట్: అచ్చంగా దొడ్డిదారి. డిఫెండర్ మీకు పాస్ రాకుండా మరీ ముందుకొచ్చి చేయి అడ్డం పెట్టాడనుకోండి. బయటకి వస్తున్నట్టు ఒక్క అడుగు వేసి, అతని వెనక నుంచి రింగ్ వైపు వెళ్లిపోవడం. దొడ్డిదారి అంటే బయట చెడ్డ మాటే కానీ ఇక్కడ మాత్రం మంచి మాట.

డ్రిల్ ఎలా పెట్టాలి?

సగం కోర్టు చాలు. రెండు లైన్లు చేయండి. ఒకటి నడిమి లైన్: రింగ్‌కి ఎదురుగా, మూడు పాయింట్ల గీత బయట. ఆ గీత రింగ్ నుంచి 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది. రెండోది పక్క లైన్: కుడి వైపు, ఫ్రీ త్రో గీతని పక్కకి పొడిగిస్తే సైడ్ లైన్ దగ్గర ఎక్కడికి వస్తుందో అక్కడ. బంతి నడిమి లైన్‌లో మొదటి ప్లేయర్ దగ్గర ఉంటుంది. ఆ ప్లేయర్‌ని రాజు అనుకుందాం, పక్క లైన్‌లో మొదట నిలబడిన ప్లేయర్‌ని రాణి అనుకుందాం.

ఒకటి: రాణి వి-కట్ చేస్తుంది. రింగ్ వైపు రెండు అడుగులు, కాలు తొక్కి బయటకి. బయటకి వస్తూ రెండు చేతులూ చూపించాలి, "ఇక్కడికి" అని చెప్పినట్టు.

రెండు: రాజు పాస్ ఇస్తాడు. డిఫెండర్ ఉంటే లోపలి వైపు ఉంటాడు కాబట్టి, బంతి రాణి బయటి చేతికి వెళ్లాలి.

మూడు: పాస్ చేతి నుంచి వదలగానే రాజు ఎడమ వైపు, అంటే బంతికి దూరంగా, రెండు అడుగులు వేస్తాడు. అది మోసం. మూడో అడుగులో కాలు తొక్కి రింగ్ వైపు దూసుకెళ్తాడు. డిఫెండర్‌కి, బంతికి మధ్యలో నుంచి వెళ్లాలి.

నాలుగు: రాణి బౌన్స్ పాస్ ఇస్తుంది. రాజు ఉన్న చోటుకి కాదు, రాబోయే చోటుకి.

ఐదు: రాజు పట్టుకుని డ్రిబ్లింగ్ లేకుండా లేఅప్ వేస్తాడు. వేశాక రింగ్ కింద ఆగకుండా బేస్‌లైన్ దాటి బయటకి వెళ్లి, పక్క లైన్ చివర్లో నిలబడతాడు.

ఆరు: రాణి రిబౌండ్ పట్టుకుంటుంది. పడినా పడకపోయినా బంతి నేలని తాకకూడదు. అక్కడి నుంచి నడిమి లైన్‌లో తర్వాతి ప్లేయర్‌కి గట్టి పాస్ ఇచ్చి, తను నడిమి లైన్ చివర్లో నిలబడుతుంది.

అంతే, లూప్ పూర్తయింది. ఒక్కో రౌండ్ సుమారు 8 సెకన్లు. పది నిమిషాలకి 75 రౌండ్లు. రౌండ్‌కి ఇద్దరు చొప్పున 150 వంతులు, పన్నెండు మందికి పంచితే ఒక్కొక్కరికి పన్నెండు వంతులు ఖాయం. ఆరు సార్లు ఫినిష్ చేస్తారు, ఆరు సార్లు ఫినిష్ చేయిస్తారు. ప్రతి వంతులో బంతి రెండు సార్లు చేతికి వస్తుంది కాబట్టి ఎంత కొత్తవాళ్లయినా, ఎంత పొట్టివాళ్లయినా పది నిమిషాల్లో ఇరవై నాలుగు సార్లు బంతి తాకుతారు. ఇంకో బంతి కొనకుండానే.

లైన్ల లెక్కలో ఒక చిన్న కిటుకు

పన్నెండు మంది ఉంటే ఎవరైనా ఆరు, ఆరుగా నిలబడమంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ కాగితం మీద గీసి చూడండి. రాజు పక్క లైన్ చివరికి, రాణి నడిమి లైన్ చివరికి వెళ్తారు. రెండు లైన్లూ సమానం కాబట్టి ఇద్దరూ ఒకేసారి ముందుకొస్తారు. మళ్లీ ఆ ఇద్దరే జత. పది నిమిషాలూ ఆ ఇద్దరే. డ్రిల్ మొత్తం ఆరు విడి విడి దీవులుగా నడుస్తుంది. హాస్టల్‌లో రూమ్మేట్లు పక్కపక్కనే నిలబడతారు, కొత్తవాళ్లు కొత్తవాళ్లతోనే మిగిలిపోతారు.

ఏడు, ఐదుగా నిలబెడితే కథ మారిపోతుంది. ఇప్పుడు మీకు పాస్ ఇచ్చేది ఒకరు, మీరు పాస్ ఇచ్చేది ఇంకొకరు. వాళ్లిద్దరికీ మళ్లీ వేరే వాళ్లతో లింకు. ఐదుకీ పన్నెండుకీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు కాబట్టి ఈ లింకులన్నీ కలిసి పన్నెండు మందినీ ఒకే గొలుసు చేస్తాయి. ఎడమ వైపుకి మారేటప్పుడు లైన్లని ఒకసారి కలగాపులగం చేసేస్తే ఇంకా మంచిది. డిస్క్రీట్ మ్యాథ్స్ ఎందుకు పనికొస్తుందని అడిగేవాళ్లకి ఇదొక జవాబు.

పాస్ ఎక్కడికి వేయాలి?

కట్ చేసేవాళ్లు సెకనుకి ఐదు మీటర్ల వేగంతో వస్తున్నారనుకోండి. మీ పాస్ ఐదు మీటర్ల దూరం వెళ్లడానికి అర సెకను పడుతుందనుకోండి. ఆ అర సెకనులో వాళ్లు రెండున్నర మీటర్లు ముందుకెళ్లిపోతారు. మీరు మనిషిని చూసి వేస్తే బంతి వాళ్ల వీపు వెనక పడుతుంది. రన్నింగ్ బస్సు ఎక్కేవాడు బస్సు ఉన్న చోటుకి పరిగెత్తడు కదా, ఉండబోయే చోటుకి పరిగెత్తుతాడు. పాస్ కూడా అంతే. కట్ చేసేవాళ్లు ముందున్న చేతిని చాచి టార్గెట్ చూపిస్తే పాస్ ఇచ్చేవాళ్లకి సగం లెక్క తగ్గుతుంది.

బౌన్స్ పాస్ అయితే బంతి ఇద్దరి మధ్య దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర నేలకి తగలాలి. అప్పుడు అందుకునేవాళ్ల నడుము ఎత్తుకి లేస్తుంది. మరీ దగ్గర్లో కొడితే నెమ్మదిగా ఎత్తుకి లేచి డిఫెండర్ చేతికి దొరుకుతుంది, మరీ దూరంగా కొడితే కాళ్లకి తగులుతుంది.

మన ప్రాంతంలో బౌన్స్ పాస్‌కి ఇంకో కారణం కూడా ఉంది: గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ పీఠభూమి మీద ఎలా వీస్తుందో తెలిసిందే. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఓపెన్ కోర్టులో పైకి ఎత్తి వేసిన పాస్ ఎటు పోతుందో వేసినవాళ్లకే తెలియదు. నేల మీద కొట్టిన పాస్‌ని గాలి అంతగా కదిలించలేదు. యూట్యూబ్‌లో చూసే డ్రిల్స్ చాలావరకు ఇండోర్ చెక్క కోర్టులో తీసినవి. వాటిని అలాగే దించేస్తే ఇక్కడ కుదరదు.

ఫినిష్ చేయడం

కుడి వైపు లేఅప్ అంటే: బంతి పట్టుకుంటూ కుడి కాలు పొడవుగా, తర్వాత ఎడమ కాలు పొట్టిగా, ఎడమ కాలి మీద నుంచి పైకి. కుడి మోకాలు, కుడి చేయి కలిసి లేస్తాయి, ఒకే దారానికి కట్టినట్టు. ఎడమ వైపు అంతా తిరగేయాలి. మొదటి అడుగు పొడవు దూరం కోసం, రెండోది పొట్టి ఎత్తు కోసం. ముందుకు వెళ్లే వేగాన్ని పైకి మళ్లించేది ఆ రెండో అడుగే.

పరిగెడుతూ బంతి పట్టుకున్నాక రెండు అడుగులే వేయాలి. అయితే పట్టుకునే క్షణంలో నేల మీద ఉన్న కాలు లెక్కలోకి రాదు. ఫిబా రూల్స్‌లో 2017 నుంచి ఇది స్పష్టంగా ఉంది, జీరో స్టెప్ అంటారు. మన అర్రే ఇండెక్స్ లాగా లెక్క సున్నా నుంచి మొదలవుతుందన్నమాట.

గురి ఎక్కడ? రింగ్ ఎత్తు 3.05 మీటర్లు, వెడల్పు 45 సెంటీమీటర్లు. మగవాళ్లు ఆడే 7 సైజు బంతి వెడల్పు సుమారు 24 సెంటీమీటర్లు. అంటే చోటు బంతికి దాదాపు రెట్టింపు ఉంది, చూడ్డానికి అంత కనిపించదు కానీ. బోర్డు మీద గీసిన చిన్న చతురస్రం 59 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు. 45 డిగ్రీల కోణంలో వస్తున్నప్పుడు ఆ చతురస్రంలో మీ వైపున్న పై మూలకి బంతిని మెత్తగా తాకించండి. రింగ్‌ని చూడాల్సిన పనే లేదు. అమ్మాయిలు ఆడేది 6 సైజు బంతి. కొంచెం చిన్నది, కొంచెం తేలిక. ఇద్దరూ ఒకే కోర్టు పంచుకునే చోట రెండు సైజులూ ఉంచుకోవడం మంచిది.

ఇంకో మాట. లేఅప్ వేశాక రింగ్ కింద ఆగొద్దు అని పైన రాశాను. బాస్కెట్‌బాల్‌లో ఎక్కువగా తగిలే దెబ్బ చీలమండ బెణకడం. అది చాలాసార్లు ఇంకొకరి పాదం మీద దిగడం వల్లే అవుతుంది. సిమెంట్ కోర్టు మీద పడితే మోకాళ్లు కూడా గీరుకుంటాయి. వేసినవాళ్లు బయటకి, రిబౌండ్ వాళ్లు లోపలికి. దారులు కలవకూడదు.

12 నిమిషాల టైమ్‌టేబుల్

మొదటి 2 నిమిషాలు బంతి లేకుండా. కట్‌లన్నీ సగం వేగంతో, నడకకి కొంచెం ఎక్కువగా. తర్వాత 3 నిమిషాలు కుడి వైపు గివ్ అండ్ గో. తర్వాత 3 నిమిషాలు ఎడమ వైపు, ఎడమ చేత్తో ఫినిష్. ఎడమ చేత్తో పడదు, అయినా వేయండి, వార్మప్‌లో స్కోరు ఎవరూ రాయరు. తర్వాత 2 నిమిషాలు బ్యాక్‌డోర్: రాణి బయటకి వస్తున్నట్టు ఒక అడుగు వేసి దొడ్డిదారిన వెళ్తుంది, రాజు నేరుగా తనకే బౌన్స్ పాస్ ఇస్తాడు. ఇక్కడ ఫినిష్ రాణిది, రిబౌండ్ రాజుది.

చివరి 2 నిమిషాలు అసలు పరీక్ష. రాణి దగ్గర ఒక డిఫెండర్‌ని నిలబెట్టండి. డిఫెండర్ దూరంగా ఉంటే వి-కట్, బయటకొచ్చి పాస్. మరీ మీదకొచ్చి చేయి అడ్డం పెడితే బ్యాక్‌డోర్. ఏది చేయాలో ముందే చెప్పకూడదు, ఆ క్షణంలో చూసి తేల్చుకోవాలి. రాజు కూడా అదే చూసి అదే తేల్చుకోవాలి. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండా ఒకే జవాబుకి రావాలి. మొదట్లో బంతి ఒక వైపు, మనిషి ఇంకో వైపు పోతారు. నవ్వుకుని మళ్లీ చేయండి.

ఇదంతా ఆటలో నిజంగా పనికొస్తుందా?

1996 మార్చి 14. అమెరికా కాలేజీ టోర్నమెంట్ మొదటి రౌండ్, ఇండియానాపొలిస్‌లో. ఒకవైపు యూసీఎల్‌ఏ, అంతకుముందు ఏడాది చాంపియన్. ఇంకోవైపు ప్రిన్స్‌టన్, చదువుకి పేరున్న యూనివర్సిటీ, ఆటకి స్కాలర్‌షిప్‌లు ఇవ్వదు. దాని కోచ్ పీట్ క్యారిల్, అక్కడ 29 సీజన్లు చేసి రిటైర్ అవబోతున్నాడు. ఆయన జట్టు ఆడేదంతా పాస్‌లు, కట్‌లు, ముఖ్యంగా బ్యాక్‌డోర్. మ్యాచ్ చివరికి స్కోరు 41-41. ఫస్టియర్ కుర్రాడు గేబ్ లెవల్లిస్ బయటకి వచ్చినట్టు వచ్చి దొడ్డిదారిన రింగ్ వైపు కట్ చేశాడు. స్టీవ్ గుడ్‌రిచ్ బౌన్స్ పాస్ ఇచ్చాడు. బోర్డుకి తాకించిన మామూలు లేఅప్. 43-41. మిగిలింది నాలుగు సెకన్లలోపే.

ఆ బుట్టలో మన వార్మప్‌లో లేనిది ఏదీ లేదు. ఒక కట్, ఒక పాస్, ఒక ఫినిష్. యూసీఎల్‌ఏ వాళ్లకి బ్యాక్‌డోర్ వస్తుందని తెలియదా? తెలుసు. తెలిసినా ఆపలేకపోయారు, ఎందుకంటే ఇద్దరు ఒకే క్షణంలో ఒకే సంగతి చూడడం అనేది వేల సార్లు చేసి చేసి వచ్చిన అలవాటు. ఇంకోటి గమనించండి: ఆఖరి బంతి వెళ్లింది ఫస్టియర్ కుర్రాడికి.

మన ఎండలో, మన కోర్టులో

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు దించుకుని వస్తాయి, ఈశాన్య రుతుపవనాలకి సముద్రం దూరం. అయినా ఆటలకి ఈ నేల పనికిరాదని ఎవరైనా అంటే నమ్మొద్దు. 2010లో రఫేల్ నాదల్ ఫౌండేషన్ పిల్లల కోసం టెన్నిస్ సెంటర్ పెట్టింది ఇక్కడే. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగింది కూడా ఇక్కడి ఆర్‌డీటీ గ్రౌండ్‌లోనే. కానీ ఇక్కడ ఆడాలంటే ఇక్కడి పద్ధతులు కొన్ని పాటించాలి.

మొదటిది దుమ్ము. ఎర్రమట్టి దుమ్ము సిమెంట్ మీద పడితే బూటు జారుతుంది. కట్ చేసే డ్రిల్‌లో జారడం అంటే మోకాలికే ప్రమాదం. కోర్టు కడగడానికి నీళ్లు వాడే ఊరు కాదు మనది. పొరక చాలు. ఇద్దరు రెండు నిమిషాలు ఊడ్చేస్తే సగం కోర్టు రెడీ. తడి గుడ్డ ఒకటి పక్కన పెట్టుకుని బూటు అడుగులు తుడుచుకోండి. సిమెంట్‌కి రబ్బరు బంతే మేలు, ఇండోర్ బంతి నాలుగు నెలల్లో గుండు అయిపోతుంది.

రెండోది టైమ్. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటితే సిమెంట్ పెనం అవుతుంది. ఆరింటికి మొదలైతే ఏడున్నరకి ముగించాలి. అందుకే వార్మప్‌లో పదిహేను నిమిషాలు పోగొట్టుకునే స్తోమత మనకి లేదు. "ఎండలో వచ్చాం, ఒళ్లు వేడిగానే ఉంది, వార్మప్ ఎందుకు?" అనే వాదన వింటూ ఉంటాం. చర్మం వేడెక్కడం వేరు, కండరం పనికి సిద్ధమవడం వేరు. రక్తం కాళ్లకి చేరాలి, కీళ్లు పూర్తిగా కదలాలి, కాలు తొక్కి దిశ మార్చమని మెదడు చెప్తే కాలు వెంటనే వినాలి. కూర్చుని నిమిషాల తరబడి ఒకే స్ట్రెచ్‌లో ఉండిపోవడం ఆటకి ముందు అంత మంచిది కాదు, కాసేపు కండరం జోరు తగ్గుతుంది. అవి ఆట అయ్యాక చేసుకోండి. ముందు మాత్రం కదులుతూ వేడెక్కాలి. ఈ డ్రిల్ చేసేది అదే.

మూడోది నీళ్లు. దాహం వేశాక కాదు, డ్రిల్‌కి ముందే కొన్ని, అయ్యాక కొన్ని. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవాలి. వేసవిలో కాస్త ఉప్పేసిన మజ్జిగ ఉంటే ఇంకా మంచిది. తల తిరిగినా, చెమట ఆగిపోయినా, వాంతి వచ్చేలా ఉన్నా ఆట ఆపి నీడలోకి. అక్కడ హీరోయిజం వద్దు.

చివరిగా

ఈ డ్రిల్ వల్ల ఒక వారంలో ఎవరూ స్టార్ అవరు. కానీ రెండు మార్పులు తొందరగా కనిపిస్తాయి. ఒకటి, పాస్ ఇచ్చాక నిలబడి చూసే అలవాటు పోతుంది. నిలబడితే లైన్ మొత్తం ఆగిపోతుంది, వెనక పదకొండు మంది అరుస్తారు, కాబట్టి కాళ్లు వాటంతటవే కదులుతాయి. రెండోది, ఎవరు ఎంత బాగా ఆడతారో అన్న లెక్క మారుతుంది. షూటింగ్ గుంపులో ఒక్కసారి కూడా కనిపించని మనిషి ఇక్కడ అందరికంటే పదునైన కట్ చేస్తూ, కరెక్టుగా చేతికి పాస్ ఇస్తూ కనిపించొచ్చు. వాళ్లు ముందు నుంచీ అలాగే ఉన్నారు. బంతి వాళ్ల దాకా వెళ్లలేదు అంతే.

టీమ్ కెప్టెన్లకి ఒక రిక్వెస్ట్. ఈ సెమిస్టర్ కొత్తవాళ్లు కోర్టుకి వచ్చిన మొదటి రోజే వాళ్లని రింగ్ కింద వదిలేయకండి. పొరకతో ఊడ్చి, ఏడుగురు ఒక లైన్, ఐదుగురు ఒక లైన్ నిలబెట్టి, బంతి నడిమి లైన్‌లో మొదట నిలబడిన ఫస్టియర్ చేతికి ఇవ్వండి. తర్వాత సంగతి వరసే చూసుకుంటుంది.